షహ్లా చేపలకు ఉప్పునీళ్ళు

గురువారం పొద్దున కరెంటు ఉండే రెండు గంటల్లోనే బద్రియా చేపల తొట్టి కడగాలి. కరెంటు పోతే గాలి మోటారు ఆగిపోతుంది. అప్పుడు అడుగున పేరుకున్న మురికి కదిపితే చేపలకి ఊపిరాడదు. అందుకని ఆవిడ పైపు, రెండు బకెట్లు, అరిగిపోయిన టూత్ బ్రష్షు, ఖర్జూరపు వెనిగర్ సీసా ముందే గోడవార సర్దుకుని, తలెత్తి సీలింగ్ ఫ్యాను వైపు చూస్తూ కూర్చునేది. ఫ్యాను రెక్క కదిలిందా, కొంగు బిగించి లేచేది.

పైపు ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట పెట్టి పీల్చాలి. నీళ్ళు పెదాల దాకా వచ్చేలోగా వేలు అడ్డం పెట్టి బకెట్లోకి వదలాలి. ముప్పై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనే. అయినా నెలకోసారి ఒక గుక్క నోట్లోకి పోయేది.

"వదినా, చేపల చారు ఎలా కుదిరింది ఇవాళ?" అని వంటింట్లోంచి విదాద్ అడిగేది. విదాద్ తమ్ముడి భార్య. తమ్ముడు చమురు బావుల దగ్గర డ్యూటీ వల్ల నెలకి ఇరవై రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. ఇంట్లో మిగిలేది ఈ ఇద్దరాడవాళ్ళూ, వాళ్ళ నోళ్ళూ.

"నీ చేతి వంటకన్నా నయమే," అని బద్రియా బకెట్లోకి ఉమ్మేసేది.

అడుగు గులకరాళ్ళ మధ్య పైపు పొడిచి మురికి లాగాక, అద్దానికి పట్టిన నాచు బ్రష్షుతో గీకేది. నీటిమట్టం దగ్గర అద్దం మీద తెల్లటి గీత కడుతుంది. బస్రా కుళాయి నీళ్ళు ఎండితే మిగిలేది అదే. దాన్ని వెనిగర్ గుడ్డతో తుడిచేది. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకుండా, తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండేది. నీళ్ళు సగమే తీసేది. ఎంత మురిగ్గా ఉన్నా సగమే.

ఈ నియమాలు ఆవిడ పుస్తకాల్లో చదివినవి కావు. సగం ఆవిడే తప్పులు చేసి నేర్చుకున్నవి. మిగతా సగం పదహారేళ్ళప్పుడు ఒక లారీ మీంచి అరిచి చెప్పినవి.

ఆ లారీ వచ్చింది ఎనభయ్యో సంవత్సరం ఏప్రిల్‌లో. పక్కింటి మసాలా దినుసుల వ్యాపారి తాతముత్తాతలు ఇరాన్ నుంచి వచ్చారని ప్రభుత్వం కాగితాల్లో కనిపెట్టింది. ఆ తాతల ఎముకలు బస్రా మట్టిలో ఏనాడో కలిసిపోయాయి, కానీ కాగితానికి ఎముకలతో పనిలేదు. తెల్లవారుతుండగా పోలీసులొచ్చి కట్టుబట్టలతో లారీ ఎక్కమన్నారు. మొగుడూ పెళ్ళాం, నలుగురు ఆడపిల్లలు. పెద్దది షహ్లా. వీధి వీధంతా తలుపులు వేసుకుని, ఉన్నట్టుండి భక్తిలో మునిగిపోయింది. ప్రతి ఇంట్లోంచీ ప్రార్థన వినబడింది గానీ ఒక్క మనిషీ గడప దాటలేదు.

బద్రియా మేడ మీద పిట్టగోడ పట్టుకుని నిలబడింది. లారీ కదిలాక షహ్లా తలెత్తి చూసింది. ఏడవలేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది.

"బద్రియా! చేపలే! నీళ్ళు సగమే మార్చు, మొత్తం మార్చకు! మూత తియ్యకు, దూకేస్తాయి! పిల్లల్ని తల్లి దగ్గర ఉంచకు, తినేస్తుంది! వారంలో వచ్చేస్తాం!"

ఇంటి తలుపుకి లక్క ముద్ర వేశారు. ముద్ర చెరిపితే జైలు. ముద్ర తలుపుకే గాని మేడకి వెయ్యలేదు. మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ బద్రియా పిట్టగోడ దాటి, పక్కింటి మెట్లు దిగి, చల్లారిపోయిన టీగ్లాసులు అలాగే ఉన్న గదిలోకి వెళ్ళింది. తొట్టి ఎత్తలేనంత బరువు. అన్నం గిన్నెలో ఆ తొట్టి నీళ్ళే ముంచి, ఏడు నల్ల మోలీ చేపల్ని చేత్తోనే పట్టి వేసి, మూత పెట్టి, గిన్నెని కడుపుకి ఆనించుకుని మళ్ళీ పిట్టగోడ దాటింది. షహ్లా తండ్రి ఓసారి కువైట్ వెళ్ళినప్పుడు కూతురికి తెచ్చిన చేపలవి. బద్రియా తండ్రి గిన్నె చూసి, కూతుర్ని చూసి, ఊరగాయ పెట్టుకునే పెద్ద గాజు జాడీ ఖాళీ చేసిచ్చాడు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క రాజద్రోహం అది. పక్కింట్లో తర్వాత ఎవరో అధికారి కుటుంబం దిగింది. వాళ్ళు ఆ తొట్టిలో ఉల్లిపాయలు పోసుకున్నారు.

వారంలో రాలేదు. అయిదు నెలలకి ఇరాన్‌తో యుద్ధం మొదలైంది.

మోలీ చేప బతికేది మూడేళ్ళు. కనుక ఇప్పుడున్నవి ఆ చేపలు కావు, వాటి మునిమనవళ్ళ మునిమనవళ్ళు. వీధిలో కొందరికి ఇది పెద్ద తాత్విక సమస్యగా ఉండేది. బద్రియాకి ఉండేది కాదు. రాజుల వంశం అయితే వంశమంటారు, చేపల వంశమైతే చేపలంటారా, అనేది. ఎనభై ఏడులో ఊరి మీద గుండ్లు పడుతుంటే అందరూ నగలూ దుప్పట్లూ మోసుకుని పారిపోయారు. ఆవిడ పాలపొడి డబ్బాలో చేపలు పోసుకుని సూక్ అల్ షుయూఖ్‌లో మేనమామ ఇంటికి పోయింది. ఆంక్షల కాలంలో, పిండిలో రంపపు పొట్టు కలిపి తిన్న రోజుల్లో, ఉడికించిన గుడ్డులో పచ్చసొన బఠాణీ గింజంత తీసి చేపలకి నలిపి వేసేది. "జనం చస్తుంటే నువ్వు చేపలకి గుడ్డు పెడుతున్నావా?" అని అత్తయ్య దెప్పితే, "నా వాటా గుడ్డే," అనేది.

ఒక దశలో ఒకే ఒక్క ఆడచేప మిగిలింది. మగచేప లేకుండానే రెండు నెలలకి అది పిల్లల్ని పెట్టింది. వీధి ఆడవాళ్ళు మహిమ అన్నారు, సాంబ్రాణి తెచ్చారు, తొట్టి కాళ్ళకి ఆకుపచ్చ దారాలు కట్టారు. మగచేప వదిలిన బీజాన్ని ఆడమోలీ నెలల తరబడి కడుపులో దాచుకుంటుందని బద్రియాకి తెలుసు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు ల్యాబు సహాయకురాలు. సాంబ్రాణి పొగ చేపలకి పడదని కిటికీ తీసింది. దారాల రంగు నీళ్ళలోకి దిగుతుందని కత్తిరించి పారేసింది. ఆ మహిమగల తల్లి రెండో రోజు తన పిల్లల్లో ఆరింటిని మింగింది. దాని గురించి మాత్రం ఎవరూ సాంబ్రాణి వెయ్యలేదు.

చేపల కోసం పెళ్ళి మానుకుందని కూడా ఒక కథ ఉంది. అబద్ధం. వచ్చిన రెండు సంబంధాల్లో ఒకాయన ముందు పెళ్ళాన్ని కొట్టేవాడు, ఇంకొకాయన యుద్ధానికి పోయి రాలేదు. చేపలకేం సంబంధం? జనానికి ఒంటరి ఆడదాని గురించి ఏదో ఒక కారణం కావాలి, అంతే. నిజానికి ఆవిడకున్నది ఒకటే బెంగ. ఏదైనా నవ్వొచ్చే మాట వింటే షహ్లాకి చెప్పాలనిపించేది. వినగానే ఒళ్ళు పక్కకి తిరిగేది, పక్కన ఎవరూ ఉండేవారు కాదు. యాభై నాలుగేళ్ళొచ్చినా ఆ అలవాటు పోలేదు.

సరిహద్దు తెరిచాక అటునుంచి కర్బలా యాత్రికులు రాసాగారు. ఏటా ఆవిడ దారి పక్కన నిమ్మకాయ టీ ఇచ్చే పందిట్లో నిలబడి, కనబడ్డ ఇరాన్ ఆడవాళ్ళందరినీ అడిగేది. మసాలా వ్యాపారి కూతురు, నలుగురిలో పెద్దది, ఎడమ కనుబొమ్మ మీద గాటు. ఎవరికీ తెలియలేదు. అడిగీ అడిగీ, చివరికి టీ మాత్రం ఇచ్చి ఊరుకోవడం మొదలుపెట్టింది.

అలాంటిది ఒక వేసవి మొదట్లో, ఫోన్లో తెలియని నంబరు నుంచి గొంతు రికార్డు చేసిన సందేశం ఒకటి వచ్చింది.

"బద్రియా... నేను షహ్లానే. మీ పిట్టగోడ అవతలి షహ్లాని. కర్బలాలో మన వీధావిడ కలిసి నీ నంబరిచ్చింది. బతికే ఉన్నావుటే?"

బద్రియా ఫోను పట్టుకుని వంటింటికీ గదికీ మధ్య మూడుసార్లు తిరిగింది. విదాద్ "ఏంటి వదినా, ఎవరు పోయారు?" అని కంగారు పడింది. చివరికి బద్రియా మీట నొక్కి, "బతికే ఉన్నాను. నీ చేపలు కూడా," అంది.

రెండు నిమిషాలకి జవాబొచ్చింది. "ఛీ, అబద్ధాలకోరుదానా!" ఆ తర్వాత నవ్వో ఏడుపో తేలని చప్పుడు. ఆ తర్వాత: "నేను సరిహద్దుకి ఇవతల అహ్వాజ్‌లో ఉంటున్నా. కర్బలా నలభయ్యోరోజు యాత్రకి ఈసారి షలమ్‌చా సరిహద్దు మీదుగా వస్తున్నా. చూపించాలి మరి. చూపించకపోతే వీధిలో నిలబెట్టి తిడతా."

యాత్రకి నాలుగు నెలలుంది. తొట్టిలో ఇరవై మూడు చేపలున్నాయి. ఇంకేం కావాలి?

ఆ వేసవిలో బస్రా కుళాయి నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పగా మారాయి. ఎగువ నుంచి నది రాక, దిగువ నుంచి సముద్రం పైకెక్కింది. సబ్బు నురగ రాలేదు. ఖర్జూరపు చెట్లు మొవ్వు దగ్గర ఎండిపోయాయి. ఆస్పత్రి వరండాల్లో కడుపు పట్టుకున్న జనం వరసగా పడుకున్నారు. ఉప్పు అన్న మాటే బూతులా వినబడేది. మంచినీళ్ళ బండి హారను వినగానే ఆడా మగా బిందెలతో వీధిన పడేవాళ్ళు. ఇంటికొచ్చిన వాళ్ళకి ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వడం విందు పెట్టినంత మర్యాద.

షహ్లా చేపలకి ఈ ఉప్పు పొయ్యడమా? బద్రియా మనసొప్పలేదు. గురువారం తొట్టి సగం తీసి, బండి నీళ్ళు పోసింది.

"ఏంటది? మంచినీళ్ళా?" విదాద్ గుమ్మంలోనే ఆగిపోయింది. "మనకి టీకే చాలట్లేదు. నీ చేపలు టీ తాగుతాయా?"

"నా వాటా నేను పోస్తున్నా. నీదేం ముట్టుకోలేదు."

నిజంగానే తన వాటా. తలంటుకి, బట్టలకి, చివరికి మొహం కడగడానికి కూడా కుళాయి నీళ్ళే వాడింది. జుట్టు తాళ్ళలా అట్టకట్టింది. పగలు మూడుసార్లు తాగే టీ ఒక్కసారికి తగ్గింది. కరెంటు లేనప్పుడు తొట్టి పక్కన కూర్చుని, గ్లాసుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తూ గాలి కలిపేది. వేడి యాభై దాటిన రోజుల్లో సీసాలో ఐసు గడ్డ కట్టించి తొట్టిలో తేలేసేది. ఇంతగా చూసుకున్న చేపలు బస్రాలోనే కాదు, ఎక్కడా ఉండి ఉండవు.

రెండో గురువారానికి పెద్ద ఆడచేప ఒకటి ఈదడం మానేసింది. ఉన్నచోటే నిలబడి, రెక్కలు ఒంటికి అతుక్కుపోయి, చలికి వణికే మనిషిలా నడుం ఊపుతోంది. మర్నాటికి మరో మూడు అలాగే. శనివారం చచ్చిన మూడింటిని వల గరిటెతో తీసి పారేసింది. నీళ్ళలో ఇంకా ఉప్పు మిగిలుందేమో అనుకుంది. తన జన్మలో మొదటిసారి, సగమే అన్న నియమం తప్పి, తొట్టి మొత్తం ఖాళీ చేసి, అంతా మంచినీళ్ళతోనే నింపింది.

వారం తిరిగేసరికి తొమ్మిది చేపలే మిగిలాయి.

"వదినా, ఒక మాట చెప్తా, కోప్పడకు," అంది విదాద్, మొదటిసారి వెటకారం లేకుండా. "శుక్రవారం సంతలో అచ్చం ఇలాంటివే దొరుకుతాయి. ఓ పది తెచ్చి వేసేద్దాం. ఆవిడకి ఏం తెలుస్తుంది?"

"తెలీదు," అంది బద్రియా. "తెలీదనే నా భయం."

శుక్రవారం సంతలో చేపలమ్మేది ఛాసిబ్. అందరూ అబూ మూహన్ అంటారు. చిత్తడినేలల మనిషి, అక్కడ గేదెలు మేపుకునేవాడు, ఇప్పుడిక్కడ గాజు సీసాల్లో చేపలు వేలాడదీసుకుని కూర్చుంటాడు. బద్రియా చెప్పిందంతా విని, సిగరెట్టు పక్కన పెట్టాడు.

"ఏం నీళ్ళు పోస్తున్నావక్కా?"

"మంచినీళ్ళు! బండి నీళ్ళు! నేను తాగేవి కూడా వాటికే పోస్తున్నా."

అబూ మూహన్ నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో అక్కా! ముద్దు చేసి చంపుతున్నావే! మోలీలు నదీ చేపలు కావు. సముద్రం పొంగి ఏట్లోకొచ్చే చోట పుట్టిన జాతి. వాటికి ఉప్పు కావాలి. ఆ బండి నీళ్ళలో ఏముంది? వడకట్టి వడకట్టి అందులో సారమంతా తీసేశారు. కుళాయి నీళ్ళు పొయ్యి."

"కుళాయి నీళ్ళా? ఊరంతా ఆస్పత్రిలో ఉంది!"

"అది రోగం. మరిగించి చల్లార్చు. రోగం చస్తుంది, ఉప్పు చావదు."

బద్రియాకి ఒళ్ళు మండింది. "ఉప్పు మంచిదంటావ్! మరి నీ గేదెల్ని చంపిందేంటయ్యా, తేనా?"

అనేసింది గాని, అన్న వెంటనే నాలుక్కరుచుకుంది. పద్నాలుగు గేదెలు. ఆ ఎండాకాలమే, కళ్ళు పోయి, ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళలోనే కూలిపోయాయని ఊరందరికీ తెలుసు. అబూ మూహన్ ఒక సీసా తీసి, దానికి లేని దుమ్ము తుడిచాడు.

"గేదె గేదే, మోలీ మోలీనే అక్కా," అన్నాడు. "నా గేదెల మీద జాలితో నీ చేపల్ని చంపుకోకు. ఒక్కసారిగా మాత్రం పొయ్యకు, అవి తట్టుకోలేవు. టీగ్లాసుతో, గంటకో గ్లాసు. నమ్మకపోతే నమ్మకు. చచ్చాక వస్తే కొత్తవి అమ్ముతా, నాకేం నష్టం?"

ఆవిడ నమ్మలేదు. కొత్తవి అంటగట్టడానికే అంటున్నాడనుకుంది. రెండ్రోజులు మంచినీళ్ళే పోసింది. అయిదు మిగిలాయి. మూడో రోజుకి నాలుగు.

ఆ నాలుగింట్లో అన్నిటికన్నా పెద్ద ఆడది వణుకుతూ వణుకుతూ అడుక్కి జారిపోవడం చూసి బద్రియా లేచింది. కుళాయి నీళ్ళు ఒక తెప్పాళా మరిగించి చల్లార్చింది. ఆ ఆడచేపని తొట్టి నీళ్ళతోనే ఒక గాజు గిన్నెలోకి మార్చింది. ఎలాగూ పోయేదే కదా, దీని మీదే చూద్దాం అనుకుంది. పిల్లలకి ఇరవై ఆరేళ్ళు ప్రయోగాలు సర్దిపెట్టిన మనిషే. కానీ టీగ్లాసు పట్టుకున్న చెయ్యి గిన్నె మీద అలాగే ఆగిపోయింది. ఆ నీళ్ళ వాసనే ఆవిడకి తెలుసు. ఆ నీళ్ళే చెట్లని చంపాయి, నాన్న నాటిన నిమ్మచెట్టుని కూడా. అలాంటి నీళ్ళు ఇప్పుడు తన చేత్తో పొయ్యాలి. షహ్లా వచ్చి "ఏం పోశావే?" అని అడిగితే ఏం చెప్పాలి?

"పోస్తావా, నన్ను పొయ్యమంటావా?" అంది విదాద్ వెనకనుంచి.

"నువ్వు పోస్తే తప్పు నీదవుతుంది. జరుగు," అని బద్రియా పోసేసింది.

గంటకో గ్లాసు. సాయంత్రానికి ఆడచేప అడుగు నుంచి లేచి నీళ్ళ మధ్యకొచ్చింది. మర్నాడు పొద్దునకి వణుకు సగం తగ్గింది. మధ్యాహ్నం విసనకర్ర విప్పినట్టు వీపు మీది రెక్క విప్పింది. బద్రియా పెద్ద తొట్టి దగ్గరికి పోయి, మిగతా మూడింటికీ అదే మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి వంటింట్లోకెళ్ళి కూర్చుని, చేసిన పనికి తన చెంప తనే వాయించుకుంది. పంతొమ్మిది చేపల్ని తాను చంపింది నిర్లక్ష్యంతో కాదు. అదే ఆవిడకి మింగుడుపడలేదు. నిర్లక్ష్యంగా ఉండి, వాటి మానాన వాటిని ఆ పాడు నీళ్ళలో వదిలేసి ఉంటే, ఇరవై మూడూ ఈపాటికి నలభై అయ్యేవి.

నెలన్నరకి గిన్నెలోని ఆడచేప పదకొండు పిల్లల్ని పెట్టింది. వాటిని వెంటనే వేరు చేసింది.

షహ్లా వచ్చింది ఒక మంగళవారం. ముప్పై మంది ఆడవాళ్ళతో వీధి చివర బస్సు ఆగింది. రెండు గంటలు మాత్రం ఆగుతుందట. లావుగా, కర్ర ఊతంతో, మోకాళ్ళ మీద తిట్లు కురిపిస్తూ ఒక ముసలావిడ మెట్లెక్కుతుంటే, బద్రియా ఆవిడ వెనక ఇంకెవరైనా వస్తున్నారేమో అని చూసింది. ఆ తర్వాతే కనుబొమ్మ మీద గాటు కనబడింది.

"చూస్తూ నిలబడ్డావేంటే కొంగా, చెయ్యివ్వు!" అంది షహ్లా.

కొంగ. ఆ మాటతో ఆవిణ్ణి ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎవరూ పిలవలేదు. షహ్లా మాట్లాడే భాషంతా అలాగే ఉంది. ఎనభయ్యో సంవత్సరం బస్రా వీధి పిల్లల భాష. ఇక్కడ దాన్ని అందరూ ఎప్పుడో మర్చిపోయారు. ఆవిడ మాత్రం పరాయి ఊళ్ళో మాట్లాడేవాళ్ళు లేక, చెడకుండా దాచుకుంది. కళ్ళు మూసుకుంటే పదహారేళ్ళ పిల్ల పక్కన కూర్చుని వాగుతున్నట్టే ఉంది. కళ్ళు తెరిస్తే మోకాళ్ళ నొప్పుల ముసలావిడ. బద్రియా ఆ రెండు గంటల్లో చాలాసార్లు కళ్ళు మూసుకుంది.

షహ్లా తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. చేపల్ని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది.

"సరిహద్దు దగ్గర మమ్మల్ని దింపేసి నడవమన్నారు," అంది చివరికి. "రాత్రంతా నడిచాం. నాన్న కూలబడిపోయారు, అమ్మ మూర్ఛపోయింది. నేను దేనికి ఏడ్చానో తెలుసా? మోటారు తీగ తడిస్తే షాక్ కొడుతుందని నీకు చెప్పలేదే అని. చెయ్యి పెట్టి చస్తావేమో అని."

"మోటారు నేను తేనే లేదు. గిన్నెలో పట్టుకొచ్చా."

"తెలివిగలదానివే!" ఇద్దరూ నవ్వారు. విదాద్ టీ తెచ్చి, వాళ్ళని చూసి, టీ పెట్టి వెళ్ళిపోయింది.

బస్సులోంచి వచ్చిన ఇద్దరాడవాళ్ళు కూడా తొట్టి చూసి కళ్ళొత్తుకున్నారు. "మీ ఓర్పే వీటిని కాపాడిందమ్మా, ఓర్పుకి ఫలం దక్కింది," అన్నారు. "ఓర్పు కాదు, ఉప్పు," అంది బద్రియా. అర్థం కాక వాళ్ళు మళ్ళీ కళ్ళొత్తుకున్నారు.

రెండు చేపలు షహ్లాకి ఇవ్వాలని బద్రియా ముందే అనుకుంది. ఇప్పుడే పట్టుకుపోతే యాత్రలో చస్తాయి. "తిరుగు దారిలో తీసుకెళ్తా," అంది షహ్లా. "ఎనిమిది రోజుల్లో ఇటే వస్తాం. ఆ పెద్ద ఆడదాన్నీ, దానికో మొగుణ్ణీ తీసి ఉంచు." బస్సు హారను కొట్టింది. మెట్ల మీద నిలబడి ఒకరి తలగుడ్డ పిన్నీసు ఒకరికి గుచ్చుకునేంత గట్టిగా కౌగిలించుకున్నారు.

బద్రియా ఆ రెండింటినీ గాజు గిన్నెలోకి తీసింది. సరిహద్దు దాటడానికి గట్టి మూత ఉన్న డబ్బా కొంది. ఎనిమిదో రోజు మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా లేచి నిలబడింది. తొమ్మిదో రోజు, పదో రోజు గడిచాయి. పదకొండో రోజు ఫోను మోగింది.

"తిట్టకే. మా బస్సువాడు మెహ్రాన్ సరిహద్దు మీంచి లాక్కొచ్చేశాడు. షలమ్‌చా దగ్గర రద్దీ అట. అరిచాను, దిగిపోతానన్నాను. ముప్పై మంది ఆడవాళ్ళు నా చేపల కోసం వెనక్కి తిరుగుతారా? వచ్చే ఏడాది, బతికుంటే..."

బద్రియా ఫోను కట్టేసి దిండు కింద పెట్టింది. రెండు రోజులు తియ్యలేదు.

"ఇక వాటిని తొట్టిలో వేసెయ్ వదినా," అంది విదాద్. "గిన్నెలో ఇరుకు. పాపం, ఆడది మళ్ళీ కడుపుతో ఉన్నట్టుంది."

వేసేసింది. ఆడచేప తొట్టి నీళ్ళలోకి జారి, ఒకసారి చుట్టూ తిరిగి, తన పిల్లల గుంపులో కలిసిపోయింది. వచ్చే ఏడాదికి అది ఉంటుందో ఉండదో. వచ్చే ఏడాది దారి తెరిచి ఉంటుందో, షహ్లా మోకాళ్ళు మోస్తాయో. బద్రియా దిండు కింది నుంచి ఫోను తీసింది. నిష్ఠూరం ఏమీ ఆడలేదు.

"షహ్లా, ఒకటి చెప్పు. మీ ఇంట్లో కుళాయి నీళ్ళు ఎలా ఉంటాయి? కొన్నవి కాదు, కుళాయివి. ఒక గుక్క నోట్లో పోసుకుని చెప్పు."

మధ్యాహ్నానికి జవాబొచ్చింది. ముందు నీళ్ళ చప్పుడు, ఆ తర్వాత ఉమ్మిన చప్పుడు. "థూ! ఎందుకే నా చేత ఈ పని చేయించావ్? ఉప్పు, ఒట్టి ఉప్పు. కారూన్ నది ఎండిపోయాక మా గతీ ఇంతే. మనుషులు తాగే నీళ్ళా ఇవి?"

బద్రియా అది రెండుసార్లు వింది.

"అయితే ఒక తొట్టి కొను," అంది. "ఇవాళే కొను. ఆ నీళ్ళే మరిగించి చల్లార్చి నింపు. అడుగున గులకరాళ్ళు వెయ్యి. మోటారు పెట్టు. గురువారం గురువారం సగం తీసి సగం పొయ్యి."

"చేపల్లేకుండానా?"

"లేకుండానే. తొట్టికి నీళ్ళు అలవాటవ్వాలి. కొత్త నీళ్ళలో వేస్తే బతకవు. ఒక ఏడాది తిప్పావనుకో, నువ్వొచ్చి పట్టుకెళ్ళినవి దిగినవి దిగినట్టే బతుకుతాయి."

ఆ గురువారం అహ్వాజ్ నుంచి ఒక ఫోటో వచ్చింది. అద్దాల తొట్టి, గులకరాళ్ళు, బుడగలు, వెనక గోడ మీద పువ్వుల కాగితం. నీళ్ళలో ఏమీ లేదు. బద్రియా కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోని వేళ్ళతో సాగదీసి, మూలమూలా చూసింది. నీటిమట్టం దగ్గర అప్పుడే తెల్లటి గీత కడుతోంది.

"వెనిగర్‌తో తుడువు," అని చెప్పింది. "గుడ్డతో, గీత మీదే. నీళ్ళలో పడనియ్యకు."